నిదానమే ప్రధానం... అంతరిక్షంలో కూడా!

రాకెట్టు లేస్తుంది. కంట్రోలు రూములో అందరూ లేచి చప్పట్లు కొడతారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటారు. టీవీలో "ప్రయోగం విజయవంతం" అని స్క్రోలింగు పోతుంది. మనం ఛానెలు మార్చేస్తాం. నిజానికి అది కమ్యూనికేషన్ ఉపగ్రహమైతే, అసలు ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. రాకెట్టు అనేది మనల్ని ఊరి పొలిమేరలో దింపేసి వెళ్ళిపోయే బస్సు లాంటిది. అక్కణ్ణించి ఇంటిదాకా సామాను మోసుకుంటూ నడవాల్సింది మనమే. ఆ నడక ఎలా మారిందో చెప్పడానికే ఈ టపా. ఎందుకంటే ఆ మార్పు వచ్చిన తీరు మన సాఫ్టువేరు వాళ్ళకి చాలా తెలిసిన కథలా ఉంటుంది.

ముందు కాస్త భూగోళం. ఈ ఉపగ్రహాలు పనిచేసే చోటు భూమధ్యరేఖకి 35,786 కి.మీ. ఎత్తున ఉన్న భూస్థిర కక్ష్య. అక్కడ ఉపగ్రహం భూమితో సమానంగా రోజుకి ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, మన డాబా మీది డిష్షుకి అది ఎప్పుడూ ఒకే చోట నిలబడినట్టు ఉంటుంది. రాకెట్టు మామూలుగా అంత పైదాకా తీసుకెళ్ళదు. ఒక కొస కొన్ని వందల కి.మీ. ఎత్తున, రెండో కొస 36,000 కి.మీ. దగ్గర ఉండేలా, కోలగా సాగిన ఒక బదిలీ కక్ష్యలో వదిలేస్తుంది. ఉపగ్రహం పై కొసకి చేరినప్పుడు తన సొంత ఇంజను మండించుకుని, కింది కొసని పైకి లాక్కుని, కక్ష్యని గుండ్రంగా చేసుకోవాలి. వారం పది రోజుల పని. కానీ ఖర్చు చూడండి. రసాయన ఇంధనంతో చేస్తే ఉపగ్రహం బరువులో దాదాపు 40 శాతం ఈ ఒక్క పనికే మండిపోతుంది. నాలుగు టన్నుల ఉపగ్రహం ఎగరేశాం అని చెప్పుకుంటే, అందులో టన్నున్నర దారిఖర్చే అన్నమాట.

ఇంత ఎందుకు అవుతుందంటే, రాకెట్టు ముందుకి పోవడం అంటే ఏదో ఒక పదార్థాన్ని వెనక్కి విసరడమే. ఎంత వేగంగా విసిరితే అంత తక్కువ పదార్థం సరిపోతుంది. ఉపగ్రహాల్లో వాడే రసాయన ఇంధనం మండితే వచ్చే వాయువు వేగం సెకనుకి 3 కి.మీ. చిల్లర. ఆ ఇంధనంలో దాగి ఉన్న శక్తి అంతే, మన తెలివితేటలతో దాన్ని పెద్దగా పెంచలేం. అదే కరెంటు వాడితే లెక్క మారిపోతుంది. జినాన్ లాంటి వాయువు తీసుకుని, దాని అణువుల్లోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడగొట్టి అయాన్లుగా మార్చి, ఎక్కువ వోల్టేజీతో వెనక్కి తరిమితే సెకనుకి 30 కి.మీ. వేగం కూడా వస్తుంది. అంటే పదిరెట్లు. కరెంటుకి లోటు లేదు, సోలార్ పలకలు ఎలాగూ ఉన్నాయి.

మరింకేం, అందరూ ఇదే వాడొచ్చు కదా అంటారా? చిక్కు ఎక్కడంటే, ఈ ఇంజను నెట్టే బలం మరీ హాస్యాస్పదంగా ఉంటుంది. కింద నేను చెప్పబోయే ఉపగ్రహంలో ఉన్న ఇంజను బలం 15 మిల్లీన్యూటన్లు. ఒక ఏ4 కాగితం తీసుకుని మూడు ముక్కలు చేసి, ఒక ముక్క అరచేతిలో పెట్టుకోండి. ఎంత బరువు తెలిసింది? అంతే. దాంతో టన్నుల కొద్దీ బరువున్న ఉపగ్రహాన్ని నెట్టాలి. అంతరిక్షంలో గాలి ఆపదు కాబట్టి నెట్టుకుంటూ పోతే వేగం పెరుగుతూనే ఉంటుంది. కానీ రోజులు కాదు, నెలలు పడుతుంది. చీమ బెల్లంగడ్డ లాక్కుపోయినట్టు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1906లోనే తన నోటుపుస్తకంలో కరెంటుతో కణాలని తరిమి రాకెట్టు నడిపే సంగతి రాసుకున్నాడు. రష్యాలో సియోల్కోవ్‌స్కీ 1911లో అదే ఊహ అచ్చులో పెట్టాడు. అప్పటికి మనిషి విమానంలో సరిగ్గా ఎగరడమే రాలేదు! చేసి చూడ్డానికి అర్ధశతాబ్దం పైన పట్టింది. నాసాలో హెరాల్డ్ కౌఫ్‌మన్ తయారుచేసిన, పాదరసంతో నడిచే అయాన్ ఇంజను 1964 జులై 20న సెర్ట్-1 అనే ప్రయోగంలో అంతరిక్షంలో 31 నిమిషాలు పనిచేసింది. అదే ప్రయోగంలో పంపిన రెండో ఇంజను అసలు రాజుకోనే లేదు.

రష్యన్లు ఇంకో దారి పట్టారు. కుర్చాతొవ్ సంస్థలో అలెక్సీ మొరొజోవ్ బృందం అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లని గిరగిరా తిప్పి, వాటి సాయంతో జినాన్ అయాన్లని తరిమే ఇంజను చేసింది. వీటినే హాల్ థ్రస్టర్లు అంటారు. వేగం అయాన్ ఇంజనుకంటే తక్కువే గానీ, అంతే కరెంటుతో ఎక్కువ బలం ఇస్తుంది. 1971 డిసెంబరు చివర్లో ఎగిరిన ఒక మెటియోర్ వాతావరణ ఉపగ్రహంలో దాన్ని పెట్టి, మర్నాడు ఏడాది మొదట్లో నడిపి చూశారు. పనిచేసింది. ఆ తరవాత కాలినిన్‌గ్రాద్‌లోని ఫాకెల్ సంస్థ వీటిని వరసపెట్టి తయారు చేసింది. ఇనప తెర వెనక వాళ్ళు ఇంత ముందుకి పోయారని పడమటి దేశాలు నమ్మడానికి, దగ్గరికి వెళ్ళి పరీక్షించడానికి, సోవియట్ యూనియన్ కూలే రోజులదాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ ఒకటి గమనించాలి. 1990ల్లో వ్యాపార ఉపగ్రహాల్లోకి ఈ ఇంజన్లు వచ్చేశాయి. 1997 ఆగస్టులో ఎగిరిన పాన్‌యామ్‌శాట్-5లో హ్యూస్ వాళ్ళ జినాన్ అయాన్ ఇంజన్లు ఉన్నాయి. కానీ వాటికి ఇచ్చిన పని కక్ష్యకి చేర్చడం కాదు, చేరాక అక్కడే నిలబెట్టడం. సూర్యుడూ చంద్రుడూ లాగుతుంటే ఉపగ్రహం ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంటుంది. దాన్ని సరిదిద్దుతూ ఉండాలి. అంటే కొత్తగా చేరిన ట్రైనీకి ఇచ్చే పని. ప్రాణం మీదకి తెచ్చే పని ఏదీ దాని చేతిలో పెట్టలేదు. "మెయింటెనెన్స్ చూసుకో బాబూ, ప్రొడక్షన్ జోలికి రాకు" అన్నట్టు.

ఆ ట్రైనీ మీద ప్రొడక్షన్ మొత్తం పడిన రోజు 2001 జులై 12.

ఆ రోజు ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి అరియేన్-5 రాకెట్టు రెండు ఉపగ్రహాలతో లేచింది. ఒకటి జపాను వాళ్ళ బీశాట్-2బి. రెండోది ఐరోపా అంతరిక్ష సంస్థ వారి ఆర్టెమిస్, మూడు టన్నుల పైచిలుకు. రాకెట్టు పై అంచె సరిగ్గా పనిచెయ్యలేదు. 36,000 కి.మీ. దాకా వెళ్ళాల్సిన కక్ష్య పై కొస సుమారు 17,500 కి.మీ. దగ్గరే ఆగిపోయింది. బీశాట్-2బి దగ్గర అంత దూరం ఎక్కే ఇంధనం లేదు. దాని కథ అక్కడితో సరి.

ఆర్టెమిస్ పరిస్థితి కొంచెం నయం. కొంచెమే. ఉన్న రసాయన ఇంధనమంతా ఊడ్చి మండిస్తే పైకి పోవచ్చేమో గానీ, పోయాక బతకడానికి ఏమీ మిగలదు. పెళ్ళికి పోవడానికి ఉన్న డబ్బంతా టాక్సీకి పెట్టినట్టు. అలాగని కిందే ఉండటానికీ లేదు. భూమి చుట్టూ ఉండే వాన్ అలెన్ వలయాల్లో రేడియేషన్ ఎక్కువ. తిరిగే ప్రతి చుట్టుకీ సోలార్ పలకలు దెబ్బతింటాయి.

అప్పుడు నేల మీదున్న బృందం ఒక మధ్యేమార్గం ఆలోచించింది. మొదటి పది పదిహేను రోజుల్లోనే చాలావరకు రసాయన ఇంధనం వాడేసి, ఉపగ్రహాన్ని 31,000 కి.మీ. ఎత్తున గుండ్రటి కక్ష్యలోకి తీసుకెళ్ళారు. వలయాల్లో ప్రమాదమైన భాగం దాటేశారు. ఇంక పైకి సుమారు 4,800 కి.మీ. మిగిలింది. ఆ ఎత్తున ఒక చుట్టుకి 20 గంటలు పడుతుంది కాబట్టి ఉపగ్రహం ఒకచోట నిలబడదు. ఊరు కనిపిస్తోంది, ఏరు అడ్డం ఉంది, పడవ లేదు. ఉన్నదల్లా ఆ కాగితం ముక్క బలం ఉన్న నాలుగు అయాన్ ఇంజన్లు. రెండు జర్మనీవి, రెండు బ్రిటన్‌వి. అవి కూడా ప్రయోగాత్మకంగా, ఉత్తర దక్షిణాల ఊగుడు సర్దడానికి పెట్టినవి.

సరే, ఆన్ చేసి నెట్టేస్తే పోలా? పోదు. మొదటి ఇబ్బంది దిక్కు. ఉత్తర దక్షిణాలకి నెట్టాలని పెట్టిన ఇంజన్లు కక్ష్యకి అడ్డంగా నెడతాయి. పైకి ఎక్కాలంటే ఉపగ్రహం పోయే దిశలో నెట్టాలి. అంటే మొత్తం ఉపగ్రహాన్ని 90 డిగ్రీలు తిప్పి, నెలల తరబడి అలా పక్కకి తిరిగిన భంగిమలోనే నడిపించాలి. అదే సమయంలో సోలార్ పలకలు సూర్యుడి వైపే ఉండాలి, లేకపోతే ఇంజనుకి కరెంటు లేదు. అలాంటి భంగిమ ఒకటి ఉంటుందని ఉపగ్రహంలోని సాఫ్టువేరుకి తెలియదు. డిజైన్ చేసిన వాళ్ళెవరూ కలలో కూడా అనుకోలేదు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో లేనే లేదు!

ఇక్కడే మన వృత్తి వాళ్ళు రంగంలోకి దిగారు. ఆర్టెమిస్ నడిపే సాఫ్టువేరుని నేల మీంచి మార్చుకునే వీలు మొదట్నించీ పెట్టుకున్నారు. కొత్త భంగిమకి కావలసిన కంట్రోలు కోడ్ రాసి, సిమ్యులేటర్ల మీద పరీక్షించి, 2001 చివరికల్లా సిద్ధం చేశారు. మొత్తం నియంత్రణ సాఫ్టువేరులో దాదాపు 20 శాతం మారింది. 15,000 మెమరీ వర్డుల ప్యాచ్‌లు రేడియో తరంగాల మీద పైకి ఎక్కించారు. అప్పటికి ఒక కమ్యూనికేషన్ ఉపగ్రహంలో ఎగిరాక చేసిన సాఫ్టువేరు మార్పుల్లో అదే అతి పెద్దదని ఐరోపా సంస్థ చెప్పుకుంది. శుక్రవారం సాయంత్రం పక్క గదిలో ఉన్న సర్వరుకి ప్యాచ్ పెట్టమంటేనే మనకి చేతులు వణుకుతాయి. వీళ్ళ సర్వరు 31,000 కి.మీ. దూరంలో ఉంది. తప్పు భంగిమలోకి పోయి సూర్యుడికి వీపు పెడితే బ్యాటరీ అయిపోతుంది, మళ్ళీ లాగిన్ అయ్యే ప్రశ్నే లేదు.

2002 ఫిబ్రవరి 19న ఎక్కడం మొదలైంది. రోజుకి సగటున 15 కి.మీ. మన ఊళ్ళలో సైకిలు మీద గంటలో పోయే దూరం. మధ్యలో ఇంజన్లు ఇబ్బంది పెట్టాయి, సర్దుకున్నారు. ఇటలీలోని ఫుచినో కేంద్రంలో కూర్చున్న వాళ్ళు ఏడాది పాటు ఆ నత్తని కాపలా కాశారు. 2003 జనవరి 31న ఆర్టెమిస్ భూస్థిర కక్ష్యలో తన చోటుకి చేరింది. రాకెట్టు లేచిన పద్దెనిమిది నెలలకి!

ఇంతకీ చేరి ఏం చేసింది అంటారా? చేరక ముందే, 2001 నవంబరులో, ఆ మధ్య కక్ష్యలో ఉండగానే ఫ్రాన్సు ఉపగ్రహం స్పాట్-4తో లేజరు కిరణం మీద సమాచారం అందుకుంది. చేరాక ఎన్విశాట్ తీసిన భూమి చిత్రాలని కిందికి దింపింది. 2008లో ఐరోపా సరుకుల నౌక అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు మాటలు మోసింది. 2014లో ఒక బ్రిటిష్ కంపెనీ చేతికి వెళ్ళి, 2017 దాకా పనిచేసి విశ్రాంతి తీసుకుంది. చచ్చిందనుకున్న ఉపగ్రహం పదహారేళ్ళు బతికింది.

ఇంత గొప్పగా పనిచేసింది కదా, ఇంక మర్నాటి నించీ అందరూ ఇదే వాడి ఉంటారు అనుకుంటాం. అదే విచిత్రం. 2003లోనే ఐరోపా వాళ్ళు స్మార్ట్-1 అనే చిన్న నౌకని మామూలు బదిలీ కక్ష్యలో వదిలి, ఒక్క హాల్ థ్రస్టరుతో, సుమారు 80 కిలోల జినాన్‌తో ఏకంగా చంద్రుడి దాకా పంపారు. 2004 నవంబరులో చేరింది కూడా. అయినా కమ్యూనికేషన్ ఉపగ్రహాలు కొనేవాళ్ళు కదల్లేదు. భౌతికశాస్త్రం ఎప్పుడో ఒప్పుకుంది, ఒప్పుకోనిది అకౌంట్స్ డిపార్ట్‌మెంట్.

వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. ఉపగ్రహం అంటే అప్పు తెచ్చి కట్టిన షాపింగ్ కాంప్లెక్సు లాంటిది. కక్ష్యకి చేరితే గానీ అద్దె రాదు. వారంలో చేరేది ఆరు నెలలకి చేరితే ఆర్నెల్ల అద్దె పోయింది, వడ్డీ మాత్రం ఆగదు. దారిలో రేడియేషన్ వలయాల్లో నెలల పాటు నెమ్మదిగా పోవాలి కాబట్టి సోలార్ పలకలు అరుగుతాయి. పైగా బీమా కంపెనీలకి కొత్తది అంటే భయం. "ఆలస్యం అమృతం విషం" అన్నది వాళ్ళ సిద్ధాంతం. "నిదానమే ప్రధానం" అన్నది ఇంజనీర్లది. రెండూ మన సామెతలే, రెండూ నిజమే. ఏది ఎక్కడ వర్తిస్తుందన్నదే తగువు.

ఆ తగువు తేలడానికి మళ్ళీ ఇంకో ప్రమాదం కావాల్సి వచ్చింది. 2010 ఆగస్టు 14న అమెరికా సైన్యం ఏఈహెచ్ఎఫ్-1 అనే కమ్యూనికేషన్ ఉపగ్రహాన్ని పంపింది. బరువు ఆరు టన్నుల పైనే. ఈసారి రాకెట్టు తన పని సరిగ్గా చేసింది, ఉపగ్రహంలోని పెద్ద రసాయన ఇంజనే రాజుకోలేదు. తరవాత విచారణలో తేలిందేంటంటే, తయారీ సమయంలో ఇంధన గొట్టంలో ఏదో అడ్డుపడింది, బహుశా ఒక గుడ్డ ముక్క! ఎన్ని వేల పరీక్షలు దాటొచ్చిన ఉపగ్రహమో ఆలోచించండి.

దీంట్లో హాల్ థ్రస్టర్లు ఉన్నాయి. చివరి అంచెలో కాస్త దూరం నెట్టడానికి పెట్టినవి. బలం పావు న్యూటను దరిదాపుల్లో, అంటే ఆర్టెమిస్ ఇంజనుకంటే చాలా నయం. ముందు చిన్న హైడ్రజీన్ థ్రస్టర్లతో కింది కొసని వాతావరణం తగలనంత ఎత్తుకి లేపారు. తరవాత నెలల తరబడి హాల్ థ్రస్టర్లతో నెట్టారు. 2011 అక్టోబరు 24న, పద్నాలుగు నెలలకి, ఉపగ్రహం చోటుకి చేరింది. అనుకున్న ఆయుష్షులో ఏమీ తగ్గలేదు.

ఆర్టెమిస్ నాటికి "అదృష్టం" అని కొట్టిపారేసిన వాళ్ళు ఉండొచ్చు. ఆరు టన్నుల సైనిక ఉపగ్రహాన్ని చేర్చాక అలా అనడం కష్టం. 2012 మార్చిలో బోయింగ్ ఒక కొత్త రకం ఉపగ్రహాలకి ఆర్డర్లు వచ్చాయని ప్రకటించింది. వాటిలో రసాయన ఇంజను అసలు ఉండదు. పొలిమేర నుంచి ఇంటిదాకా మొత్తం జినాన్ అయాన్ ఇంజనే. కొన్నది పెద్ద కంపెనీలు కాదు, ఏబీఎస్, మెక్సికో వాళ్ళ శాట్‌మెక్స్ అనే రెండు చిన్న కంపెనీలు. ఇది కూడా మనకి తెలిసిన సంగతే, కొత్త టెక్నాలజీని ముందు ధైర్యం చేసేది డబ్బు తక్కువున్న వాళ్ళే.

వాళ్ళ లెక్క ఏంటంటే, ఒక్కొక్క ఉపగ్రహం బరువు సుమారు రెండు టన్నులే. ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే రాకెట్టులో పంపి కిరాయి పంచుకోవచ్చు. అప్పుడే చవగ్గా దొరుకుతున్న ఫాల్కన్-9కి ఆ బరువు సరిగ్గా సరిపోయింది. 2015 మార్చి 1న రెండూ కలిసి లేచాయి. ఏబీఎస్-3ఏ ఆగస్టు చివరికి, రెండోది (అప్పటికి యూటెల్‌శాట్ చేతికి పోయింది) అక్టోబరుకి పనిలో చేరాయి. ఆర్నెల్ల అద్దె పోయింది నిజమే, కానీ సగం కిరాయి మిగిలింది. మొదటిసారిగా అకౌంట్స్ వాళ్ళు కూడా తలూపారు.

ఆ తరవాత వేగం కూడా పెరిగింది. 2017 జూన్ 1న ఎగిరిన యూటెల్‌శాట్ 172బిలో ఎయిర్‌బస్ వాళ్ళు థ్రస్టర్లని రోబో చేతుల చివర అమర్చారు. ఎటు నెట్టాలంటే అటు చెయ్యి తిరుగుతుంది. ఆర్టెమిస్‌లో మొత్తం ఉపగ్రహాన్ని తిప్పాల్సి వచ్చింది గుర్తుందా, ఆ బాధకి మందు ఇది. థ్రస్టర్లు ఎవరివనుకున్నారు? కాలినిన్‌గ్రాద్ ఫాకెల్ వారివే. నాలుగు నెలల్లో చేరిపోయింది.

2018 జనవరి 25న జరిగింది ఇంకా బాగుంటుంది. అరియేన్-5 మళ్ళీ దారి తప్పింది. కారణం వింటే మన వాళ్ళు ఎవరైనా తల పట్టుకుంటారు. ఆ రోజు ప్రత్యేకంగా 70 డిగ్రీల దిశలో పోవాలి. రాకెట్టు దిశ చూసుకునే పరికరాలకి ఇచ్చిన వివరాల్లో మాత్రం మామూలుగా వాడే 90 డిగ్రీలే ఉండిపోయింది. కాన్ఫిగ్ ఫైల్లో డిఫాల్ట్ విలువ మార్చడం మర్చిపోయారన్నమాట! కక్ష్య వాలు 3 డిగ్రీలు ఉండాల్సింది 20 దాటింది. అందులో ఉన్న ఎస్ఈఎస్-14 కరెంటుతో కక్ష్య ఎక్కే ఉపగ్రహం. 2001లో అయితే పద్దెనిమిది నెలల వీరగాథ అయ్యేది. ఈసారి యజమానులు నాలుగు వారాలు ఆలస్యమవుతుందని ప్రకటన ఇచ్చారు, అంతే. సెప్టెంబరుకల్లా పనిలోకి దిగింది. ఒకప్పటి ఆపద్ధర్మం రొటీన్ అయిపోయింది. 2019 మే నుంచి స్పేస్‌ఎక్స్ పంపుతున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలు కూడా, కింద వదిలిపెడితే హాల్ థ్రస్టర్లతోనే తమ కక్ష్యకి ఎక్కుతాయి. వాటిలో మొదట వాడింది జినాన్ కూడా కాదు, చవగ్గా దొరికే క్రిప్టాన్.

మరి మన సంగతి? మనవాళ్ళు ఈ ప్రయత్నం చాలా ముందే మొదలుపెట్టారు. 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి లేచిన జీశాట్-4లో ప్లాస్మా థ్రస్టర్లు ఉన్నాయి. కానీ అది మన సొంత క్రయోజెనిక్ ఇంజనుకి మొదటి పరీక్ష కూడా. ఆ ఇంజను నిలబడలేదు, ఉపగ్రహం సముద్రం పాలైంది. మళ్ళీ 2017 మే 5న దక్షిణాసియా ఉపగ్రహం జీశాట్-9లో జినాన్ ఇంజన్లు వెళ్ళాయి. పని మాత్రం పాత ట్రైనీ పనే, చోటులో నిలబెట్టడం.

మనకి ఇది ఎందుకు ముఖ్యమంటే, మన అతి పెద్ద రాకెట్టు ఎల్‌వీఎం-3 బదిలీ కక్ష్యకి మోసేది సుమారు నాలుగు టన్నులు. అందుకే 5,854 కిలోల జీశాట్-11ని 2018 డిసెంబరులో కౌరూకి తీసుకెళ్ళి ఎగరేయాల్సి వచ్చింది. 4,700 కిలోల జీశాట్-20ని 2024 నవంబరులో ఫాల్కన్-9 మీద పంపించాం. బరువులో ఆ 40 శాతం దారిఖర్చు తగ్గితే, అదే పని చేసే ఉపగ్రహం శ్రీహరికోట నుంచే పోవచ్చు. పెద్ద రాకెట్టు కట్టడం ఒక దారి, చిన్న మూట కట్టుకోవడం ఇంకో దారి.

2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం జరిగింది. ఎన్‌వీఎస్-02 అనే దారి చూపే ఉపగ్రహం. రాకెట్టు తన పని చక్కగా చేసింది. ఉపగ్రహంలో ఆక్సిడైజర్ వదిలే వాల్వులు తెరుచుకోలేదు, ఇంజను వెలగలేదు. పొలిమేరలో దిగిన మనిషి అక్కడే నిలబడిపోయాడు. కరెంటు ఇంజను ఉంటే కచ్చితంగా బతికేదని నేననను. కక్ష్య కింది కొస 170 కి.మీ. దరిదాపుల్లో ఉంది, అక్కడ వాతావరణం రాసుకుంటుంది, కాగితం ముక్క బలం దాన్ని గెలవడం కష్టం. ఏఈహెచ్ఎఫ్-1ని కూడా ముందు హైడ్రజీన్ తోనే లేపారు కదా. కానీ ఒక్క వాల్వు మీద మొత్తం ఉపగ్రహం ఆధారపడితే ఏమవుతుందో మాత్రం కళ్ళారా చూశాం.

రెండు నెలలకి, 2025 మార్చిలో, ఇస్రో ఒక ప్రకటన ఇచ్చింది. 300 మిల్లీన్యూటన్ల ప్లాస్మా థ్రస్టరుని నేల మీద శూన్యపు గదిలో పెట్టి 1,000 గంటలు నడిపామని, దాన్ని టీడీఎస్-1 అనే పరీక్షా ఉపగ్రహంలో పెట్టాలనుకుంటున్నామని. ఆర్టెమిస్ ఇంజనుకి ఇరవై రెట్లు బలం. పేపర్లలో ఏ మూలో వచ్చి ఉంటుంది. నాకు మాత్రం ఆ నెలలో వచ్చిన పెద్ద వార్త అదే.

ఈ చరిత్రంతా చదివాక నాకు అర్థమైంది ఒకటుంది. అయాన్ ఇంజను కక్ష్యకి చేర్చగలదని లెక్కలు 1960ల్లోనే చెప్పాయి. నమ్మకం మాత్రం లెక్కలతో రాలేదు, ఇంకో దారి లేని రోజున వచ్చింది. ఆ రోజు ఆర్టెమిస్‌ని కాపాడినవి రెండు. ఒకటి, అత్యవసరం కాని ఒక ఇంజను. రెండు, పైకి పంపాక కూడా మార్చుకునే వీలున్న సాఫ్టువేరు. ఈ రెండింటినీ ఖర్చు తగ్గించే మీటింగులో ఎవరైనా "ఇవి నిజంగా అవసరమా?" అని అడిగి ఉంటే, నిజాయితీగా చెప్పాల్సిన జవాబు "కాదు" అనే. మన డిజైన్ రివ్యూల్లో ఆ ప్రశ్న రోజూ వినిపిస్తుంది. అడగడం తప్పు కాదు, అన్నీ ఉంచేసుకుంటే ఉపగ్రహం ఎగరదు. కాకపోతే "అవసరమా" అని అడిగాక, "దీంతో ఇంకేం చెయ్యొచ్చు" అని కూడా ఒకసారి అడిగి అప్పుడు తీసేద్దాం.